తొలి పరిచయం అయిపోయాక: టీనేజ్ సైన్స్ ఫిక్షన్ నవలకు రెండో భాగం రాసే పద్ధతి

గ్రహాంతరవాసులతో తొలి పరిచయం మీద పదహారేళ్ళ పిల్లలు చదివే నవల రాస్తే, మొదటి భాగాన్ని ఒక్క ప్రశ్నే లాక్కెళ్తుంది: అక్కడ ఎవరైనా ఉన్నారా? చివరి అధ్యాయంలో "ఉన్నారు" అని తేలగానే ఆ బండి ఆగిపోతుంది. రెండో భాగం రాయడానికి కూర్చున్న వాళ్ళలో చాలామంది ఇక్కడే తడబడి, ఒక సంకేతం వచ్చిన చోట వంద ఓడలు దింపుతారు. పాఠకుడికి వంద ఓడలు అక్కర్లేదు. జవాబు వచ్చాక ఆ పిల్ల జీవితం ఏమైంది, ఆ జవాబు నిజంగా మనం అనుకున్నదేనా అన్నవే వాడికి కావాలి. ఈ మార్గదర్శి అంతా ఒక్క మాట చుట్టూ నడుస్తుంది: అవతలివాళ్ళు ఎంత దూరంలో ఉన్నారో ముందు తేల్చుకుంటే, కథలో సగం దానంతటదే తేలుతుంది.

మాట్లాడుకోవడానికి ఒక నమూనా పెట్టుకుందాం. నాయిక హారిక, పదహారేళ్ళది. ఊరు సూళ్ళూరుపేట, శ్రీహరికోట పక్కనే. మొదటి భాగంలో మేడ మీద డిష్‌తో వింత సంకేతం పట్టింది. ఇప్పుడు ఇంటర్ ఎంపీసీ, రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్లో ఉంది. పేర్లూ ఊళ్ళూ మీవి మీరు పెట్టుకోండి, లెక్కలు మాత్రం ఇవే పద్ధతిలో వేసుకోండి.

1. మొదటి భాగానికి లెక్కల పద్దు రాయండి

కొత్త పేజీ మొదలుపెట్టకముందు పాత పుస్తకాన్ని పెన్సిల్‌తో చదవండి. ఒక ఎక్సెల్ షీట్‌లో ఐదు గడులు చాలు: విషయం, పేజీ నంబరు, కథలో అది ఎవరికి తెలుసు, పాఠకుడికి తెలుసా, దాన్ని వేరేలా అర్థం చేసుకోవచ్చా. రెండు వందల పేజీల నవలకు మామూలుగా వంద నుంచి నూట యాభై వరసలు వస్తాయి.

ఐదో గడి చాలా విలువైంది. "సంకేతం ఉత్తర దిక్కున శర్మిష్ఠ మండలం, అంటే కాసియోపియా వైపు నుంచి వచ్చింది" అని మీరు రాసి ఉంటే, అందులో దిక్కు మాత్రమే ఖాయం. ఆ దిక్కులో ఉన్న నక్షత్రం నుంచే వచ్చిందని అందరూ అనుకున్నారు, ఎవరూ కొలవలేదు. రెండో భాగంలో మలుపులు ఇలాంటి సందుల్లోంచి పుట్టాలి. అచ్చులో ఖాయంగా చెప్పిన దాన్ని "అసలు అలా కాదు" అని తిప్పితే పిల్లలు క్షమించరు, పెద్దవాళ్ళకంటే వాళ్ళకే పేజీ నంబర్లతో సహా గుర్తుంటుంది.

ఎవరికి తెలుసు అన్న గడిని నిర్లక్ష్యం చేస్తే ఇంకో తప్పు దొర్లుతుంది. తమ్ముడికి రహస్యం తెలియదని ఒకచోట రాసి, రెండో భాగం నాలుగో అధ్యాయంలో వాడి చేత దాని మీదే జోకు వేయిస్తారు.

2. దూరం తేల్చుకోండి

టీనేజ్ నవలకు ఒక మొండి ఇబ్బంది ఉంది. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ప్రశ్న పంపి జవాబు వినడానికి ఎనిమిదిన్నరేళ్ళు. పదహారేళ్ళ హారికకు జవాబు వచ్చేసరికి ఇరవై నాలుగు దాటి ఎక్కడో ఉద్యోగం చేస్తుంటుంది, నవల టీనేజ్ నవలగా మిగలదు. 1974లో అరెసీబో రేడియో టెలిస్కోపు నుంచి పంపిన ప్రసిద్ధ సందేశం గురిపెట్టిన ఎం13 నక్షత్ర గుచ్ఛం ఇరవై వేల కాంతి సంవత్సరాలకు పైనే ఉంది, దాని సంగతి చెప్పనే అక్కర్లేదు.

కాబట్టి మాట్లాడేది గ్రహాంతరవాసులు కాదు, వాళ్ళు ఇటు పంపిన యంత్రం. అది దగ్గర్లో ఉండాలి. ఎంపికలు ఇవి. ఒక వైపు దూరం, అటు వెళ్ళడానికే పట్టే సమయం:

చంద్రుడు: 1.3 సెకన్లు. ఫోన్ మాట్లాడినట్టే ఉంటుంది, నిరీక్షణ ఉండదు.
శని గ్రహం దగ్గర: గంటా పది నిమిషాల నుంచి గంటన్నర. ఒక్క రాత్రిలో ముగిసే ఉత్కంఠ కథకు సరిపోతుంది.
నెప్ట్యూన్: సుమారు 4 గంటలు.
సూర్యుడి గురుత్వ కటకం నాభి మొదలయ్యే చోటు, 550 ఏయూ: 76 గంటల 14 నిమిషాలు.

ఏయూ అంటే భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం, సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. కాంతికి దాన్ని దాటడానికి 499 సెకన్లు పడుతుంది. మీరు ఏ దూరం ఎంచుకున్నా ఏయూ సంఖ్యను 499తో గుణించి, 3600తో భాగిస్తే గంటలు వస్తాయి.

మా ఓటు 550 ఏయూకి. సూర్యుడి గురుత్వాకర్షణ వెనకనుంచి వచ్చే కాంతిని వంచి ఆ దూరం నుంచి మొదలుకొని ఒకచోట చేరుస్తుంది. తన సొంత నక్షత్రంతో మాట్లాడుకోవాలనుకునే ఏ యంత్రానికైనా సూర్యుణ్ణే భూతద్దంలా వాడుకోవడానికి అది తగిన చోటు. పైగా అది సొంత నక్షత్రానికి సరిగ్గా ఎదురు దిక్కున నిలబడాలి. ఆ నక్షత్రం ప్రాక్సిమా అనుకుందాం, అది దక్షిణాకాశంలో ఉంది కాబట్టి దాని యంత్రం మనకు ఉత్తరాన, శర్మిష్ఠ వైపు కనబడుతుంది. పైన ఐదో గడిలో వదిలిన సందు ఇక్కడ పనికొస్తుంది: మొదటి భాగంలో అందరూ వెతికింది తప్పు నక్షత్రం, నిజానికి యంత్రాన్ని పంపిన యజమానుల ఇల్లు వెతికినవాళ్ళ వీపు వెనక ఉంది.

హారికకు ఇది ఎలా తెలుస్తుంది? అదృష్టం కొద్దీ తెలిసిపోకూడదు, కొలవాలి. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే దగ్గరి వస్తువు దూరపు నక్షత్రాల మీద పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. 550 ఏయూ దూరానికి ఆరు నెలల్లో ఆ జరుగుడు 0.2 డిగ్రీలు, పున్నమి చంద్రుడి వెడల్పులో సగం కంటే తక్కువ. మేడ మీది డిష్ దాన్ని పట్టలేదు. పుణె దగ్గర ఖోడద్‌లో 45 మీటర్ల డిష్‌లు ముప్పై, దాదాపు 25 కిలోమీటర్ల మేర పరుచుకున్న జీఎంఆర్టీ రేడియో టెలిస్కోపు లాంటి ఏర్పాటు సునాయాసంగా పడుతుంది. అంటే సందేహం హారికది, కొలత పెద్ద టెలిస్కోపుది. మొదటి భాగానికీ రెండో భాగానికీ మధ్య ఆరు నెలల ఖాళీ కూడా ఊరికే పోదు.

ఇంతకంటే పెద్ద లాభం ఇంకోటి ఉంది. ఆ యంత్రం హారికకు మూడు రోజుల్లో జవాబు పంపగలదు గానీ, తన యజమానులను ఏదైనా అడగాలంటే ఎనిమిదిన్నరేళ్ళు ఆగాలి. ఇటు హారిక కూడా ఇంటికి ఫోన్ చేయాలంటే ఆదివారం దాకా ఆగాలి. పెద్దల్ని అడిగే వీల్లేకుండా ఇద్దరూ సొంతంగా నిర్ణయాలు తీసుకోవాలి. టీనేజ్ నవలకు ఇంతకంటే మంచి జోడీ దొరకదు. ఈ పోలికను ఏ పాత్ర చేతా మాటల్లో చెప్పించకండి.

3. పంపిన, అందిన ఖాతా

దసరా సెలవుల నుంచి సంక్రాంతి దాకా సుమారు 90 రోజులు అనుకుంటే, ఒక ప్రశ్నా జవాబూ కలిపి ఆరు రోజుల ఎనిమిదిన్నర గంటలు. మొత్తం నవలలో 14 సార్లు మాత్రమే మాటా మాటా కలుస్తుంది. ఇది వరం. ఏ 14 ప్రశ్నలు అడుగుతారో ఒక కాగితం మీద రాయండి. వాటిలో ఐదింటిని పూర్తిగా దృశ్యాలుగా చూపండి, నాలుగింటిని ఒక్కో పేరాలో దాటేయండి, మిగతావి పోవాలి: డిష్ తప్పు దిక్కుకు తిరగడం, వర్షం, పరీక్ష, ఎవరో అడ్డుకోవడం.

ఖాతాలో ఒక వరస ఇలా ఉంటుంది:

పంపింది: అక్టోబర్ 6, రాత్రి 9:00. అక్కడ చేరేది: అక్టోబర్ 10, రాత్రి 1:14. వెంటనే జవాబిస్తే ఇక్కడ చేరేది: అక్టోబర్ 13, తెల్లవారుజామున 5:28.

ఆ ఆఖరి సమయం చూడండి. హాస్టల్లో పొద్దుటి స్టడీ అవర్ మొదలై అరగంట. హారిక పుస్తకం ముందు కూర్చుని ఉండగా జవాబు సూళ్ళూరుపేటలో ఖాళీ మేడ మీద దిగుతోంది. ఖాతా రాయకపోతే ఈ దృశ్యం మీకు తట్టేది కాదు.

యంత్రం ఆలోచించడానికి ఎంతసేపు తీసుకుంటుందో కూడా ఒక గడి పెట్టండి. మొదటి ఐదు జవాబులకు సున్నా. ఆరోదానికి హఠాత్తుగా 11 గంటలు. ఎందుకంత ఆలస్యమైందన్నదే ఆ అధ్యాయానికి ప్రాణం.

జవాబు రాకముందే ఇంకో ప్రశ్న పంపితే ఏమవుతుందో కూడా ఆలోచించండి. ఉత్తరాల కాలంలో రెండు కార్డులు దారిలో ఎదురైనట్టు, కోపంగా పంపిన మాట ఇంకా దారిలో ఉండగానే సర్దుబాటు మాట అందుతుంది. మధ్యలో ఒక్కసారి వాడితే చాలు, రెండోసారికి పాఠకుడు ముందే ఊహిస్తాడు.

4. మేడ మీద సామాను

సాంకేతిక వివరం తక్కువైనా పరవాలేదు, తప్పు మాత్రం కాకూడదు. ఒక అమ్మాయి ఇంటి మీద పెట్టుకోగలిగింది ఇది: మీటరు వెడల్పు జాలీ డిష్, 1420 మెగాహెర్ట్జ్ చుట్టూ మాత్రమే వదిలే ఫిల్టర్, దాంతో పాటు చిన్న యాంప్లిఫయర్, రేడియో సంకేతాన్ని కంప్యూటర్‌కు అందించే ఆర్టీఎల్-ఎస్డీఆర్ అనే యూఎస్బీ డాంగిల్, పాత ల్యాప్‌టాప్. ఆకాశంలో హైడ్రోజన్ సహజంగా పలికే పౌనఃపున్యం 1420.4 మెగాహెర్ట్జ్. ఔత్సాహికులు ఇంచుమించు ఇదే సామానుతో పాలపుంత హైడ్రోజన్‌ను నిజంగానే పడుతున్నారు.

అంత చిన్న డిష్‌కు 550 ఏయూ నుంచి వచ్చేది వినబడుతుందా? అటువైపు 100 మీటర్ల యాంటెనా, 5 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ ఉండి, సంకేతం ఒక్క హెర్ట్జ్ అంత సన్నగా ఉంటే వినబడుతుంది. అయితే వేగం సెకనుకు ఒక బిట్. మీటరు డిష్ చూపు వెడల్పు దాదాపు 15 డిగ్రీలు, కదపకుండా ఉంచితే ఆ దిక్కు దాని ముందునుంచి రెండు గంటల్లో దాటిపోతుంది. రెండు గంటలంటే 7,200 బిట్లు, 900 బైట్లు. మామూలుగా వాడే యూనికోడ్ (యూటీఎఫ్-8) లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు కాబట్టి రోజుకు మూడు వందల గుర్తులు, ఒక పొట్టి వాట్సాప్ మెసేజ్. యంత్రం చేత ఉపన్యాసాలు ఇప్పించే దురలవాటును ఈ లెక్క ఒక్కటే మాన్పిస్తుంది.

వినడం ఇంటి నుంచి కుదురుతుంది, పంపడం కుదరదు. పంపాలంటే బెంగళూరు దగ్గర బ్యాలాలులో ఉన్న 32 మీటర్ల డీప్ స్పేస్ యాంటెనా లాంటిది కావాలి. చెవి పిల్ల దగ్గర ఉంది, నోరు ప్రభుత్వం దగ్గర ఉంది. సంఘర్షణ కోసం వేరే విలన్‌ను వెతకనక్కర్లేదు. నిజమైన సంస్థల పేర్లు వాడితే వాళ్ళ సామాను, ఊరు, పని తీరు సరిగ్గా రాయండి, దుర్మార్గపు అధికారి మాత్రం కల్పిత విభాగం నుంచే రావాలి.

సంకేతం ఆకాశానిదా, పక్కింటి ఇన్వర్టరుదా అని తేల్చే పరీక్ష పిల్లలకు బాగా నచ్చుతుంది. నక్షత్రాల రోజు మన గడియారం రోజు కంటే దాదాపు 4 నిమిషాలు పొట్టి. నిజంగా ఆకాశంలోంచి వచ్చేదైతే రోజుకు 4 నిమిషాలు ముందుకు జరుగుతుంది, నెలకు రెండు గంటలు. రోజూ సరిగ్గా 5:28కే వస్తోందంటే ఎవరో గడియారం చూసి స్విచ్చి వేస్తున్నారన్నమాట. ఆస్ట్రేలియాలో పార్క్స్ టెలిస్కోపును ఏళ్ళ తరబడి తికమకపెట్టిన కొన్ని సంకేతాలు, ఆగకముందే తలుపు తీసిన మైక్రోవేవ్ ఓవెన్‌వని 2015లో తేలింది. అదే టెలిస్కోపుకు 2019లో ప్రాక్సిమా దిక్కు నుంచి వచ్చినట్టు కనిపించిన సంకేతం కూడా చివరికి మన రేడియో గోలే. ఇలాంటి పొరపాటు ఒకటి మీ కథలో హారిక వైపు కాకుండా పెద్ద సంస్థ వైపు జరిగితే, ఆమె మాటకు విలువ పెరుగుతుంది.

5. పెద్దవాళ్ళు కథను లాగేసుకోకుండా

సంగతి ప్రపంచానికి తెలిసిన మరుక్షణం శాస్త్రవేత్తలు, మంత్రులు, భద్రతా సిబ్బంది దిగుతారు. పదహారేళ్ళ పిల్లను గది బయట కూర్చోబెడతారు. న్యాయమే, నిజంగా అయినా అలాగే చేస్తారు. ఆమెను మళ్ళీ గదిలోకి తేవడానికి చాలామంది వాడే ఉపాయం "ఈమె ఎంచుకోబడిన వ్యక్తి". అది పని చేయదు, కారణం లేని గొప్పతనం పిల్లలకే ముందు విసుగు తెప్పిస్తుంది.

కారణం మొదటి భాగంలోనే ఉండాలి. చుక్కలు, గీతలతో సందేశం పంపే మోర్స్ కీ మీద చేత్తో కొట్టేవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో లయ ఉంటుంది. చుక్కల మధ్య ఖాళీలు, గీతల పొడవు మనిషిని బట్టి మారతాయి. హ్యామ్ రేడియో వాళ్ళు దీన్ని ఫిస్ట్ అంటారు, కాల్‌సైన్, అంటే గుర్తింపు పేరు వినకముందే అవతల ఎవరో చెప్పేస్తారు. మొదటి భాగం చివర బ్యాలాలు నుంచి వెళ్ళిన సందేశాన్ని ముచ్చట కోసం హారిక చేతే కొట్టించారనుకోండి. రెండో భాగంలో కంప్యూటర్ తయారుచేసిన అచ్చమైన సందేశాలకు యంత్రం జవాబివ్వదు. దాని దృష్టిలో మాట్లాడింది ఆ లయ, మిగతాదంతా గాలి చప్పుడు. అధికారులు ఆమె లయను అనుకరించే ప్రోగ్రామ్ రాయిస్తారు, అది రెండుసార్లు పనిచేసి మూడోసారి దొరికిపోతుంది.

ఇక ఆమెకు అడ్డంకులు ఏమిటి? వాటిని విశ్వంలో వెతకకండి. హాస్టల్లో ఫోన్ ఉండదు. పొద్దున 5 నుంచి రాత్రి 10 దాకా క్లాసులు, స్టడీ అవర్లు. ఔటింగ్ కావాలంటే నాన్న సంతకం. ఆదివారం వీకెండ్ టెస్ట్ మార్కులు, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) బెంగ. ఒక చిన్న దృశ్యంలో ఇవన్నీ ఎలా ఇముడుతాయో చూడండి. ఆదివారం, హాస్టల్ ఆఫీసు ఫోన్, వెనక క్యూ:

"అమ్మా, డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతా ఉండాదా?"

"వెలుగుతానే ఉండాది. నువ్వు తిన్నావా?"

"తిన్నా. గొడుగు కదల్లేదు గదా?"

"మొన్న గాలికి పక్కకి తిరిగింది మే. మీ నాయన ఎక్కి సర్దినాడు."

"ఎటు సర్దినాడు?"

"నాకేం తెలుస్తాది. బాగా కనబడేట్టు రోడ్డు వైపు పెట్టినానన్నాడు."

ఇక్కడ 15 డిగ్రీల చూపు వెడల్పు గురించి ఒక్క మాట లేదు. అయినా డిష్ తిరిగిందనీ, మూడు రోజుల జవాబు పోయిందనీ, నాన్న ప్రేమగానే ఆ పని చేశాడనీ పాఠకుడికి అందుతుంది. కింద మీ నోట్సులో మాత్రం ఖచ్చితమైన అంకె ఉండాలి: ఆ అక్టోబర్ తెల్లవారుజాముకు డిష్ ఉత్తరం నుంచి దాదాపు 27 డిగ్రీలు పడమరకు, నేల నుంచి 23 డిగ్రీల ఎత్తులో చూడాలి. రోడ్డు ఎటు ఉందో మీరు ముందే ఇంటి పటం గీసుకుని ఉంటారు.

6. సందేశాన్ని నిజంగా తయారు చేయండి

"అర్థం కాని గుర్తులు తెర మీద మెరిశాయి" అని రాసి తప్పించుకోవద్దు. టీనేజ్ పాఠకులు పెన్ను తీసుకుని విప్పడానికి సిద్ధంగా ఉంటారు. అరెసీబో సందేశంలో 1,679 బిట్లు ఉన్నాయి. ఆ అంకెను 23, 73 అనే రెండు ప్రధాన సంఖ్యలుగా తప్ప విడగొట్టలేం, కాబట్టి విన్నవాడు దాన్ని గళ్ళ బొమ్మగా పేర్చాలని ఊహించగలడు. మీకు అంత పెద్దది అక్కర్లేదు. ఐదు గళ్ళ వెడల్పు, ఏడు వరసలు, 35 బిట్లు చాలు:

00100
01110
10101
00100
00100
00100
00100

పైకి చూసే బాణం. వరసగా రాస్తే 00100011101010100100001000010000100. నవలలో మొదట ఈ వరసనే చూపండి, పేర్చడం పాఠకుడికి వదిలేయండి. ఏడు గళ్ళ వెడల్పున పేర్చి చూసి విసిగిపోయే పాత్ర ఒకటి ఉంటే, ఎలా విప్పాలో ఉపన్యాసం లేకుండానే అర్థమవుతుంది.

ఇప్పుడు రెండో భాగానికి కావాల్సిన మెలిక. అదే 35 బిట్లను చివరి నుంచి మొదటికి చదివితే బాణం కిందికి చూస్తుంది. మొదటి భాగంలో "పైకి రండి" అని అందరూ సంబరపడ్డ సందేశం, యంత్రం దృష్టిలో "కిందే ఉండండి" కావచ్చు. ఒక్క బిట్ మార్చలేదు, చదివే దిక్కు మారింది. ఇంకా లోతుకు వెళ్తే, బాణం అంటే దిక్కు అని ఎందుకు అనుకోవాలి? విల్లుతో వేటాడిన జాతికే అది దిక్కు గుర్తు. 1972లో పయనీర్ నౌకకు బిగించిన ఫలకంలో బాణం గీసినప్పుడే ఈ అభ్యంతరం వచ్చింది. మీ యంత్రం దాన్ని చెట్టు అనుకోవచ్చు.

కొలమానాల దగ్గర ఇంకో మంచి పొరపాటు దాగి ఉంది. ప్రాక్సిమా చుట్టూ 2016లో కనుగొన్న గ్రహం తన నక్షత్రాన్ని 11.2 రోజుల్లో చుట్టేస్తుంది. హారిక తన వయసు "16 చుట్లు" అని పంపి, ఏ చుట్లో చెప్పకపోతే, యంత్రం దాన్ని 179 రోజులుగా లెక్కపెడుతుంది. ఆరు నెలల పసికందు తనతో మాట్లాడుతోందని నమ్మి, దానికి తగ్గట్టే జాగ్రత్తగా, నిదానంగా, ముఖ్యమైనవి దాచి జవాబిస్తుంది. ఆమె ఈ తప్పు గుర్తించే చోటు నవల నడుమ పెట్టండి, అక్కడి నుంచి యంత్రం స్వరం మారాలి.

వదులుకోవాల్సిన ఒక ఆకర్షణ: 1977లో వోయేజర్ నౌకలతో వెళ్ళిన బంగారు రికార్డులో 55 భాషల శుభాకాంక్షలు ఉన్నాయి, వాటిలో తెలుగు కూడా ఉంది. "అందుకే వాళ్ళకు తెలుగు వచ్చు" అని రాయాలని చేయి లాగుతుంది. వోయేజర్ 1 ఇంకా 170 ఏయూ చుట్టుపక్కలే ఉంది, వెళ్తున్నది కూడా శర్మిష్ఠ వైపు కాదు. లెక్క ఒప్పుకోదు. హారిక ఆ పలకరింపు వినడం, తనూ అదే మాటలతో మొదలుపెట్టాలనుకోవడం మాత్రం హాయిగా రాసుకోవచ్చు.

తెలుగులో రాస్తున్నప్పుడు సర్వనామాలు మొదటి రోజే తేల్చుకోండి. యంత్రం "అది", తయారుచేసినవాళ్ళు "వాళ్ళు" అనేది తేలికైన దారి. అనువదించిన జవాబుల్లో యంత్రం హారికను "నువ్వు" అంటుందా, "మీరు" అంటుందా అనేది ఆ అనువాదం చేసిన పాత్ర ఎంపిక. ఇద్దరు అనువాదకులు రెండు రకాలుగా చేస్తే చిన్న గొడవ కూడా దొరుకుతుంది.

7. యజమానుల్ని చూపించకండి

ఇది సలహా కంటే పట్టుదల అనుకోండి. రెండో భాగంలో వాళ్ళ రూపం చెప్పిన క్షణం మూడు వందల పేజీల వింత పోయి, ఒక వేషం మిగులుతుంది. వాళ్ళ ప్రపంచాన్ని యంత్రం అలవాట్ల ద్వారా తెలియనివ్వండి. ప్రాక్సిమా అరుణ మరుగుజ్జు నక్షత్రం, ఉన్నట్టుండి మంటలు ఎగజిమ్ముతుంది. దాని గ్రహం బహుశా ఎప్పుడూ ఒకే ముఖాన్ని నక్షత్రం వైపు పెట్టి తిరుగుతుంది, కాబట్టి అక్కడ పగలూ రాత్రీ మారవు. "రేపు" అన్న మాటకు యంత్రం మూడుసార్లు వివరణ అడిగితే చాలు. సూర్యుడి మీద తుపాను వచ్చిన ప్రతిసారీ "మీరు లోపలికి వెళ్ళారా?" అని అడిగితే, వాళ్ళు ఎలా బతుకుతున్నారో చెప్పేసినట్టే.

యంత్రానికి ఒక కోరిక, ఒక నిషేధం రాసి పెట్టుకోండి. కోరిక: తను చూసింది ఇంటికి చెప్పాలి. నిషేధం: చూడబడినవాళ్ళు ఒప్పుకోకుండా చెప్పకూడదు. ఒప్పుకోవడం అంటే ఎవరు ఒప్పుకోవాలి అన్న ప్రశ్న ఇక కథను నడుపుతుంది.

8. ఊరు, టీవీ, దేశాలు

అంతర్జాతీయ ఖగోళయాన అకాడమీ 1989లో కొన్ని సూత్రాలు రాసింది, 2010లో సవరించింది. సారం: ప్రకటించే ముందు వేరే చోట నుంచి సరిచూసుకోండి, తేలాక దాచకండి, అంతర్జాతీయంగా చర్చించకుండా జవాబు పంపకండి. ఇవి చట్టం కాదు, మాట పట్టింపు మాత్రమే. ఒక దేశం తొందరపడి సొంతంగా పంపేస్తే ఆపే పోలీసు లేడు. ఈ ఖాళీ మీకు పనికొస్తుంది.

జనం భయంతో పరుగెత్తే దృశ్యాలు రాయకండి. మూడో రోజుకి మామూలైపోతుంది. హారిక ఇంటి ముందు ఓబీ వ్యాను ఉన్నన్నాళ్ళు టీ కొట్టు బాగా నడుస్తుంది. ఎవరో అదే సంకేతానికి ముహూర్తం చెబుతారు. కాలేజీ వాళ్ళు ఆమె ఫొటోతో ఫ్లెక్సీ వేస్తారు, మార్కులు తగ్గాక తీసేస్తారు. ఇలాంటివి ఐదారు చాలు.

9. మొదటి మూడు అధ్యాయాలు

ఇంతకు ముందు జరిగింది చెప్పక తప్పదు, సారాంశంగా చెబితే మాత్రం పుస్తకం మూసేస్తారు. పని చేసే దారి: మొదటి భాగం కథను ఇతరులు తప్పుగా చెబుతుండగా హారిక వినాలి. టీవీ యాంకర్ ఒక రకంగా, హాస్టల్ రూమ్మేట్ ఇంకో రకంగా, బస్సులో ఎవరో ముసలాయన మరో రకంగా. ఆమె లోలోపల సరిదిద్దుకున్న కొద్దీ కొత్త పాఠకుడికి విషయం అందుతుంది, పాతవాడికి నవ్వొస్తుంది. రెండో అధ్యాయం ముగిసేలోపు కొత్త సమస్య మొదలైపోవాలి.

10. పొడవు, చిత్తుప్రతి

36 అధ్యాయాలు, ఒక్కోటి 1,200 నుంచి 1,400 పదాలు, మొత్తం 47 వేల దరిదాపు. ఇంగ్లిష్ టీనేజ్ నవలల పదాల లెక్కను చూసి బెంబేలు పడొద్దు, తెలుగులో విభక్తులు మాటకే అతుక్కుంటాయి కాబట్టి అదే కథ తక్కువ పదాల్లో ఇముడుతుంది. జవాబు వచ్చే అధ్యాయాలు పొట్టిగా, ఎదురుచూసే అధ్యాయాలు పొడుగ్గా ఉండాలి. మామూలుగా దీనికి తలకిందులుగా రాసేస్తారు.

సరిచూసేటప్పుడు రంగు పెన్నుతో మూడు రకాల వాక్యాలు గుర్తుపెట్టండి: శాస్త్రవేత్త ఎవరో నాలుగు వాక్యాలకు మించి వరసగా వివరించేవి, హారిక ఏమీ చేయకుండా చూస్తూ నిలబడే పేజీలు, మూడో భాగం కోసం దాచిపెట్టిన జవాబులు. మూడో రకం చాలా ప్రమాదకరం. ఈ పుస్తకం అడిగిన ప్రశ్నకు ఈ పుస్తకంలోనే జవాబు దొరకాలి, కొత్త ప్రశ్న కావాలంటే ఆఖరి అధ్యాయంలో ఒకటి వదలండి.

చిత్తుప్రతిని నలుగురు ఇంటర్ పిల్లలకు ఇవ్వండి, వాళ్ళలో ఇద్దరు మొదటి భాగం చదవనివాళ్ళు కావాలి. బాగుందా అని అడగొద్దు, మొహమాటానికి బాగుందంటారు. ఎక్కడ ఆపి ఫోన్ చూశారో పేజీ నంబరు అడగండి. 35 బిట్ల వరస కాగితం మీద ఇచ్చి పది నిమిషాలు చూడండి. నలుగురిలో ఒక్కరూ విప్పలేకపోతే ఆ అధ్యాయంలో ఇంకో సూచన చేర్చండి, నలుగురూ విప్పేస్తే వరసను పొడిగించండి.